పదిహేడో తెప్ప సగటు

ఊరు పుట్టిన 61వ ఏడు, అక్టోబరు 3, గురువారం

ఈ ఉదయం 6:40కి నాలుగో లంగరు గొలుసు దగ్గర, ఇరవై ఎనిమిది మీటర్ల లోతులో, పదిహేడో తెప్పకు చెందిన గజఈతగాడు వాసుపల్లి అప్పన్న చనిపోయాడు. వయసు 31.

6:52కి పైకి తెచ్చారు. 7:15కి ఊరి పాలన చూసే చుక్కాని సంఘం పుస్తకంలో ‘మునక’ అని రాశారు. పది గంటలకు, ఎండ ముదరక ముందే, కడలికి అప్పగించారు. నీటిలో పోయినవాళ్లను ఆ పూటే నీటికి ఇవ్వడం, తెప్పలు కలిపి కట్టుకున్న మా తెప్పలూరు ఆచారం.

కేక వినపడినప్పుడు నేను ప్రసారాల గది కప్పు మీద ఎండ పలకలకు పట్టిన ఉప్పు తుడుస్తున్నాను. అక్కడికి చేరాక నేను చూసినవి ఇవి: ముఖానికి ముసుగు సరిగ్గానే ఉంది. గాలి సీసా ముల్లు మూడింట రెండు వంతుల దగ్గర ఉంది. ఇద్దరు మనుషులు ఇరవై నిమిషాలు ఛాతీ నొక్కారు. నోటి నుంచి చుక్క నీరు రాలేదు.

పైన తాడు పట్టుకున్నది మా అక్క కూతురు పైడి. తనూ గొలుసు మీద పనిచేసే మనిషే. వయసు 22.

“ఆపదొస్తే రెండు గుంజులు గుంజాల మావా. ఒక్కటీ లేదు. తాడు అలా ఒదులైపోయింది, అంతే,” అంది.

సాయంత్రం 5:30 వార్తలకు ఆరు వాక్యాలు రాశాను. సంఘం ఐదింటిని ఒప్పుకుంది. కొట్టేసిన వాక్యం: ‘ఊపిరితిత్తుల్లోకి నీరు వెళ్లిన గుర్తులు కనిపించలేదు.’ మిగతా ఐదూ చదివాను.

అక్టోబరు 4, శుక్రవారం

ఆ వాక్యం ఎందుకు కొట్టేశారని చుక్కాని పెద్ద దానయ్యను అడిగాను. ఆయన తన తెప్ప అంచున కూర్చుని పీపాలకు పట్టిన ఆల్చిప్పలు గీకుతున్నాడు.

“ఏరా వార్తలోడా, నీటిలో పోయినోడు మునిగిపోయినోడే గదా? గాల్లో ఎగిరిపోయాడని రాయమంటావేటి?”

“లోపలికి నీళ్లే పోలేదు పెద్దా.”

“సూడు గురువులూ.” పేరు పెట్టి పిలిచాడంటే మాట గట్టిదని అర్థం. “తుఫాను నెల. పన్నెండు గొలుసులకీ బందులు బిగించాల. ముత్యపు చేతులోళ్లు ఎనమండుగురుండీవోరు, ఏడుగురైనారు. ఇప్పుడు ఆళ్ల గుండెల్లో బెరుకెట్టకు.”

ముత్యపు చేతులంటే: మా ఊళ్లో కొందరికి పదేళ్లు నిండేసరికి వేలి కణుపుల మీద, మడమ వెనక నరం మీద పసుపు రంగు గట్టి బుడిపెలు వస్తాయి. సముద్రం వాళ్లను తనవాళ్లుగా గుర్తు పెట్టుకుందని పెద్దల నమ్మకం. లోతు పనికి ముందు వాళ్లనే పిలుస్తారు. కూటిగదిలో రొయ్య తలల వేపుడు, చేప గుడ్లు మొదట వాళ్ల పళ్లెంలోకే వెళ్తాయి. అప్పన్న చేతికి ఆరు ముత్యాలు ఉండేవి. పైడికి నాలుగు.

31 తెప్పలు, 640 మంది, పన్నెండు గొలుసులు. ఒక్క గొలుసు జారినా అంచు తెప్పలు విడిపోతాయి. పెద్దాయన భయం నిజమైనదే. ఆ మాట కూడా రాసుకున్నాను.

అక్టోబరు 7, సోమవారం

నెలలో మొదటి సోమవారం. నెత్తురు రోజు.

పరీక్ష బిళ్ళలు ఒడ్డు నుంచి లెక్కగా వస్తాయి కనుక మనిషికొకటి వాడరు. తెప్పకొకటి. ప్రతి మనిషీ ఎడమ ఉంగరపు వేలు గుచ్చుకుని, ఒక చుక్క తన పేరున్న అట్ట మీద అద్ది, రెండో చుక్క తెప్ప గొట్టంలో వేస్తాడు. అట్టను నెత్తురు గ్రూపు చూసుకోవడానికి దాస్తారు. గొట్టాన్ని యంత్రంలో పెడితే తెప్ప మొత్తానికి ఒక కొవ్వు సంఖ్య వస్తుంది. వంద లోపైతే కూటిగది పలక మీద ఆ తెప్ప ఎదుట పచ్చ గుడ్డ కడతారు. ఇరవై నాలుగేళ్లుగా అన్ని తెప్పలకూ పచ్చ గుడ్డే. అయినా ఎవరిది ఎంత తక్కువని పందేలు.

పదిహేడో తెప్ప సంఖ్య పోయిన నెల 84. ఈ నెల 62.

“అరవై రెండా! ఏటి మానేశారే మీ తెప్పోళ్లు?” అని పక్క తెప్ప ఆడమనిషి అరిచింది.

“ఏటీ మాన్లేదొదినా, అదే తిండి...” అని ఒకామె నవ్వబోయి ఆగిపోయింది. అప్పన్న పోయి నాలుగు రోజులే అయింది.

తిండి మారలేదు. తెప్పలో మారినది ఒక్కటే: పోయిన నెల 22 మంది, ఈ నెల 21 మంది. వార్తల కాగితం వెనక లెక్క వేశాను. 22 ఇంటూ 84 అంటే 1,848. 21 ఇంటూ 62 అంటే 1,302. తేడా 546.

ఒక్క మనిషి సంఖ్య 546. రెండోసారి వేశాను. అంతే వచ్చింది.

అక్టోబరు 8, మంగళవారం

నెత్తురు గది చూసే ఎస్తేరు ఒడ్డున చదువుకుని వచ్చిన మనిషి. కాగితం చూపించాను. పెట్టె తీసి అప్పన్న అట్ట వెతికింది. నెలవారీ పరీక్షలకు పోను ఆమె దగ్గర మిగులు బిళ్ళలు తొమ్మిది. ఒకటి వాడింది. సంఖ్య 541.

“కొక్కెం సూది వేసుకున్నవాడికి ఇంత ఎలా వస్తుంది?” అని అడిగాను. ఇరవై నాలుగేళ్ల క్రితం నెత్తుట్లో కొవ్వు పెరగకుండా ఊరందరికీ ఆ సూది వేశారు. అప్పటి నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ వేస్తున్నారు.

“దాన్ని కొక్కెం సూది అని ఎందుకంటారో తెలుసా అన్నా?”

తెలియదన్నాను. ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఆమె చెప్పింది ఇది:

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి కణానికీ తన గోడ కట్టుకోవడానికి అది కావాలి. అది నీళ్లలో కరగదు కనుక నెత్తుట్లో కంటికి కనపడనంత చిన్న బుట్టల్లో తిరుగుతుంది. కణాల పైన, ముఖ్యంగా కాలేయం కణాల పైన, ఆ బుట్టల్ని పట్టుకునే కొక్కేలు ఉంటాయి. కొక్కేనికి బుట్ట తగలగానే అక్కడ కణం గోడ గుంట పడి, సంచిలా మూసుకుని, లోపలికి పోతుంది. లోపల పులుపు. ఆ పులుపుకు కొక్కెం పట్టు వదులుతుంది. బుట్ట విచ్చుకుని సరుకు వాడకానికి వెళ్తుంది. కొక్కెం మళ్లీ పైకి వస్తుంది. ఒక తిరుగుడుకు పది నిమిషాలు. ఒక్కో కొక్కెం వందసార్లకు పైగా ఇలా తిరుగుతుంది.

అయితే ఒంట్లోనే ఒక మాంసకృత్తు ఉంది. అది కొక్కేన్ని అంటుకుంటే కొక్కెం పైకి రాదు, బుట్టతో పాటే లోపల నాశనమవుతుంది. సూది ఆ మాంసకృత్తును ఆపేస్తుంది. కొక్కేలు ఎక్కువ కాలం బతుకుతాయి, నెత్తురు శుభ్రపడుతుంది.

“కొక్కెం ఉంటే గదన్నా దాన్ని కాపాడడం,” అంది ఎస్తేరు. “తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా కొక్కెం చేసే జన్యువుకి చెడ్డ నమూనాయే వచ్చిందనుకో, కొక్కెమే తయారవదు. సూది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. బుట్టలు రోజుల తరబడి నెత్తుట్లోనే తిరుగుతాయి. గుండె నాళాల గోడల్లోకి దూరి గుట్ట పడతాయి. ఒక రోజు ఆ గుట్ట చిట్లుతుంది. దాని మీద నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.”

“రొయ్య తలలు తినడం వల్లా?”

“పస్తున్నా తగ్గదు. ఒళ్లే తయారు చేస్తుంది.” అట్టను పెట్టెలో పెట్టేసి, “అదే కొవ్వు నరాల మీద కూడా పేరుకుంటుంది. కణుపుల మీద, మడమ మీద. పసుపు రంగులో,” అంది.

పైడి చేతికి నాలుగు ముత్యాలని ఇద్దరికీ తెలుసు.

అక్టోబరు 11, శుక్రవారం

చావుల పుస్తకం ఇరవై నాలుగేళ్లది చదివాను. ‘గుండె ఆగి’ అనే గడిలో సున్నా. దాన్ని ఏటా వార్తల్లో గర్వంగా చదివింది నేనే. ‘మునక’ గడిలో, అప్పన్నతో కలిపి, తొమ్మిది.

ఈ ఊళ్లో పిల్లలు నడక కంటే ముందు ఈత నేర్చుకుంటారు. తొమ్మిది మందీ గజఈతగాళ్లు. ఇద్దరు తుఫానులో పోయారు. మిగతా ఏడుగురు పోయినప్పుడు సముద్రం నిలకడగా ఉంది.

పోయినవాళ్ల ఒళ్లు లేవు. అచ్చులు ఉన్నాయి. లోతు పనికి మొదటిసారి దిగే రోజున ప్రతి ఈతగాడూ పిడికిలి బిగించి, తన తెప్ప స్తంభం మీద తడి సున్నంలో కణుపులు దించుతాడు. రెండు రోజులు తెప్ప తెప్పకూ తిరిగి ఆ అచ్చులు తడిమి చూశాను. తుఫానులో పోయిన ఇద్దరి అచ్చులు నునుపుగా ఉన్నాయి. ఏడు అచ్చుల్లో కణుపుల చోట గుంటలు ఉన్నాయి.

ఆ ఏడుగురిలో అందరికంటే పెద్ద వయసువాడికి 38. మా బావ పోలయ్య, పైడి తండ్రి. పద్నాలుగేళ్ల క్రితం ఆయన వార్త రాసింది నేను. ‘నీట మునిగి’ అని రాశాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఏడుగురి తల్లిదండ్రులవీ మేనరికాలే. 38 కుటుంబాలతో మొదలైన ఊరు. బయటి సంబంధం కావాలంటే తొంభై రోజులకొకసారి వచ్చే పడవ కోసం ఆగాలి.

అక్టోబరు 13, ఆదివారం

మంచినీళ్ల పీపాలు మార్చే పని. పైడి నా ముందు నిచ్చెన ఎక్కుతోంది. పదకొండు మెట్లు. ఏడో మెట్టు మీద ఆగి ఎడమ దవడ పట్టుకుంది. నేను మనసులో ఇరవై లెక్కపెట్టాక మళ్లీ కదిలింది.

“ఏమైంది?”

“పంటి నొప్పి.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏటి మావా, నా పంటి మీద కూడా వార్త రాస్తావేటి?”

నవ్వింది. పెదవుల చుట్టూ చెమట ఉంది. ఉదయం ఏడు గంటలు, చల్లగాలి వీస్తోంది.

అక్టోబరు 15, మంగళవారం

ఒడ్డు ఆసుపత్రికి ఎస్తేరు పంపిన ప్రశ్నకు మధ్యాహ్నం 2:10కి జవాబు వచ్చింది. వైద్యం ఉంది. మొదట రెండు వారాలకోసారి యంత్రంతో నెత్తురు వడకడతారు. తర్వాత కొక్కెం చేసే సరైన నమూనాను కాలేయంలోకి ఎక్కిస్తారు. అందరిలోనూ పట్టుకుంటుందని హామీ ఇవ్వలేదు. ఈ నెల 27న వచ్చే పడవలో ఇద్దరికి చోటు. పేర్లు 20వ తేదీలోగా పంపాలి. తర్వాతి పడవ జనవరి 25న.

ఎస్తేరు తలుపు దగ్గరగా వేసింది.

“ఇప్పటిదాకా ఈ సంగతి మనిద్దరికే తెలుసన్నా. మిగతావాళ్లకి పరీక్షే చేయలేదు. పైడి పేరు ఈ రోజే పంపేయగలను. తప్పేముంది, జబ్బు అబద్ధం కాదుగా?”

“మిగతా ఆరుగురు?”

“అందరికీ చేస్తే వరుస కట్టాలి. వరుసలో పైడి ఎక్కడుంటుందో నాకు తెలీదు.”

రేపు చెబుతానన్నాను. అక్కడికక్కడ కాదనలేదు. ఇది కూడా నమోదు కావాలి.

అక్టోబరు 16, బుధవారం

మా అక్క రాజులు ఇంటికి ఉదయం వెళ్లాను. చేపలు ఉప్పులో వేస్తోంది. అంతా చెప్పాను. చేతులు ఆపకుండానే విన్నది.

“పేరు రాయించీ,” అంది.

“మిగతావాళ్ల సంగతి?”

“ఆళ్లకి మేనమావలు లేరేటి? నీకున్నది ఒక్క మేనకోడలు.” అప్పుడు చేతులు ఆపింది. “ఊరికి సెప్తే ఏటనుకుంటారు? మీ బావా నానూ మేనరికం సేసుకుని, మా నెత్తురే దానికి పోసి సంపుతున్నామనేసి గదా? ఒద్దు తమ్ముడూ. నోరు మూసుకుని పేరు రాయించీ.”

అప్పటికే పైడి గుమ్మంలో ఉంది. చేతిలో కడిగిన ముసుగు, దాని నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“పంటి నొప్పి కాదన్నమాట,” అంది.

“కాదు.”

“మాతో గొలుసు దిగే ఎల్లారావు నిన్న నిచ్చెన మీద నాకంటే ముందు ఆగిపోయాడు. నాను ఏడో మెట్టు. ఆడు నాలుగు.” ముసుగు కొక్కేనికి తగిలించింది. “మావా, నాన్న పోయిన రోజు గాలి సీసా ఎవరో ఒకరు సూసుంటారు గదా? నోట్లోంచి నీళ్లు రాలేదని ఎవరో ఒకరు సూసుంటారు.”

“చూసి ఉంటారు.”

“సెప్పలేదు.”

“నేను అడగలేదు.”

ఆమె నన్ను తిట్టలేదు. తన తల్లి వైపు తిరిగి, “అమ్మా, ఆ ఆరుగురూ నా తాడు పట్టుకునీవోళ్లు. నాను కింద ఉంటే పైన ఆళ్లే. నాకు తెలిసీ సెప్పకుండా పడవెక్కేస్తే, నాన్నప్పుడు ఊరుకున్నోళ్లకీ నాకూ తేడా ఏటి?” అంది.

అక్క ఉప్పు డబ్బా నేలకేసి కొట్టింది. మధ్యాహ్నం పన్నెండింటికి పైడి ఆరుగురు ఈతగాళ్లను వెంటబెట్టుకుని నెత్తురు గది ముందు నిలబడింది. మొదట తన వేలే చాపింది.

అక్టోబరు 17, గురువారం

ఏడు బిళ్ళలు వాడారు. ఒకటి మిగిలింది. సంఖ్యలు:

ఎల్లారావు, 26 ఏళ్లు: 534. బంగారి, 20 ఏళ్లు: 511. పైడి: 488. మరో ఇద్దరివి 402, 371. మొదటి ముగ్గురి పేర్లూ వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను; ఆ ఇద్దరూ తమ పేర్లు వద్దన్నారు.

మిగిలిన ఇద్దరికి వంద లోపే. వాళ్లలో లచ్చయ్యకు 44 ఏళ్లు. బుడిపెలు ఎస్తేరు నొక్కి చూసి, తాడు ఒరిపిడికి కాసిన కాయలని చెప్పింది.

“ఒట్టి కాయలా?” అన్నాడు లచ్చయ్య. “ఇరవై ఏళ్లుగా ముత్యపు సెయ్యి, ముత్యపు సెయ్యి అని మొదటి గరిటె నాకే ఏసీవోరు! ఇప్పుడా రొయ్య తలలన్నీ కక్కమంటారేటి?”

బంగారి నవ్వింది, అందరికంటే గట్టిగా. తర్వాత ఆమె సంఖ్య చదివారు.

ఒడ్డు ఆసుపత్రి నియమం సంఖ్య ప్రకారమే. పడవలో రెండు చోట్లు. పైడి మూడోది. మా అక్క గది బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను బయటికి వచ్చేసరికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

అక్టోబరు 18, శుక్రవారం

ఏడు వాక్యాలు రాసి, ముందుగా సంఘానికి పంపకుండా 5:30కి చదివాను. మొదటిది: ‘గత ఇరవై నాలుగేళ్లలో మునక అని రాసిన తొమ్మిది చావుల్లో ఏడు గుండె జబ్బు వల్ల జరిగినవని నమ్మడానికి ఆధారాలున్నాయి.’ చివరిది: ‘ఆ ఏడు వార్తలూ తప్పుగా చదివింది ఈ గొంతే.’

మూడో వాక్యం దగ్గర దానయ్య గదిలోకి వచ్చాడు. ప్రసారం ఆపే మీట ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు. చదవడం అయ్యాక బల్ల మీద కూర్చున్నాడు.

“బాగుంది. గొలుసులు ఎవరు దిగుతారో అదీ సదువు మరి.”

“చదువుతాను. పేర్లివ్వండి.”

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. 58 ఏళ్ల చేతులు, కణుపులు నునుపుగా ఉన్నాయి.

“ఎప్పుడూ ఆళ్లనే దింపాం. ముద్ద పెట్టి మరీ దింపాం,” అన్నాడు. బల్ల దిగి, “మొదటి పేరు నాది రాసుకో. రెండోది ఆ కాయల లచ్చయ్యది,” అన్నాడు.

అక్టోబరు 23, బుధవారం

ఈ సాయంత్రానికి తెలిసినవి.

ఆగ్నేయాన అల్పపీడనం ఏర్పడింది. 29న గానీ 30న గానీ మన మీదికి రావచ్చని ఒడ్డు కేంద్రం చెప్పింది. రేపు ఉదయం 5:30కి, పోటు నిలిచిన వేళ, గొలుసు పని మొదలవుతుంది. దిగేవాళ్లు పదకొండు మంది. ముగ్గురికే లోతు అలవాటు. పన్నెండింట్లో ఐదు గొలుసులు పూర్తి కావచ్చని దానయ్య అంచనా. ఏ ఐదన్నది ఇంకా తేలలేదు. అంచు తెప్పల వాళ్లు సామాన్లు లోపలి తెప్పలకు మారుస్తున్నారు. మా అక్కది అంచు తెప్పే. ఉప్పు చేపల కుండలు నేనే మోశాను. వద్దనలేదు, పలకలేదు.

పైడికి నిచ్చెన, బరువు, ఈత వద్దని ఎస్తేరు రాసిచ్చింది. తాడు పట్టుకోవడం కూడా వద్దంది. కూర్చుని తాడు కదలికలు చూసి చెప్పే పని అడిగి తీసుకుంది పైడి. రేపు ఆమె దానయ్య తాడు చూస్తుంది.

నిన్న మూడుసార్లు నొప్పి వచ్చింది. ఒకసారి కూర్చుని ఉండగానే. ఎస్తేరు ఆమెకు మాత్రలిస్తోంది. వాటితో జనవరి దాకా ఆగుతుందా అని అడిగాను. తెలియదంది.

27 ఆదివారం ఉదయం 7:10కి పడవ వస్తుంది, 8:00కి ఎల్లారావును, బంగారిని ఎక్కించుకుని వెళ్తుంది. మూడో చోటు కోసం ఒడ్డుకు రెండుసార్లు అడిగాం. జవాబు పడవతో పాటే వస్తుందట.

28 సోమవారం ఉదయం 6:00కి, పడవలో చోటు దొరకకపోతే, సంఖ్య తగ్గిందేమో చూడడానికి ఆఖరి బిళ్ళతో పైడికి మళ్లీ నెత్తురు పరీక్ష. గొట్టం మీద ఈసారి తెప్ప సంఖ్య ఉండదు. ఎస్తేరు ఇప్పటికే చీటీ అతికించింది. దాని మీద ఒక్క పేరే ఉంది.